ఏడో నెగటివ్

జీపు వెనక రేకు తలుపు కిందికి దించి, దానిమీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు ఆత్మారాం. మెడలో వేసుకున్న కెమెరా గుంతలు వచ్చినప్పుడల్లా ఎగిరి రొమ్ముకు తగలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. ఎదురుగా, దుమ్ములో నుంచి ఒకదాని వెనక ఒకటిగా ఆరు కార్లు వస్తున్నాయి. ఆరూ పాతవే. అన్నిట్లోకీ చిన్నదానికి కూడా నలభై ఏళ్లు నిండాయి. ఇత్తడి దీపాలు, కర్ర చక్రాలు, పైన గుడ్డ కప్పులు. చూడ్డానికి పెళ్లికూతుళ్ల వరసలా ఉంది.

హైదరాబాదులో పాత మోటార్లున్న పెద్దవాళ్లంతా కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. శనివారమే వచ్చి నిజామాబాదులో దిగారు. ఆదివారం పొద్దున బోధన్ మీదుగా నిజాంసాగర్ కట్టదాకా పోవడం, అక్కడ భోజనాలు చేసి తిరిగి రావడం. ఫొటోలు తీయడానికి ఊళ్లో మంచివాడెవరని అడిగితే ఎవరో ఆత్మారాం పేరు చెప్పారు.

క్లబ్బు కార్యదర్శి రామ్‌దాస్ గారు స్టూడియోకు స్వయంగా వచ్చి, గోడమీద బొమ్మలన్నీ చూసి, "బాగా తీస్తావయ్యా. నీది మంచి కన్ను. హైదరాబాదు వారపత్రికలో వేయిస్తాను. కింద నీ పేరు ఉంటుంది," అన్నారు.

పెళ్లిపీటల మీది జంటలు, పరీక్ష దరఖాస్తులకు అంటించే మొహాలు, చనిపోయాక కుర్చీలో కూర్చోబెట్టిన ముసలివాళ్లు - ఇవి తప్ప ఆత్మారాం కెమెరా ముందుకు ఏదీ వచ్చిన పాపాన పోలేదు. కన్ను సంగతి ఎవరూ అనలేదు. ఆ రాత్రి భార్య విమలమ్మతో ఆ మాట రెండుసార్లు చెప్పాడు.

ఎడపల్లి దాటాక రోడ్డుకు రెండు వైపులా చెరుకు. జనవరి నెల, ఫ్యాక్టరీ గానుగ ఆడే రోజులు. ఎటు చూసినా బోధన్ వైపు పోయే ఎడ్లబండ్లే. కాలువ కల్వర్టు దగ్గర రోడ్డు వంపు తిరిగింది. ఎండ ఏటవాలుగా పడుతోంది. అక్కడ ఆపమని ఆత్మారాం జీపు డ్రైవర్ భుజం తట్టాడు.

దిగి, కల్వర్టు గోడ ఎక్కి నిలబడ్డాడు. కార్లను ఒక ఫర్లాంగు వెనక్కి పంపి, చెయ్యెత్తగానే వరసగా రమ్మని చెప్పాడు. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్ సిద్దిరాములు బండ్లను రోడ్డు దింపి మట్టిలోకి తోలిస్తున్నాడు. అతను మంచివాడే. బండ్లవాళ్లను "జర దిగు తాతా, రెండు నిమిషాలే" అంటూ బతిమాలుతున్నాడు.

ఆత్మారాం కెమెరా మూత తెరిచి తల వంచాడు. అది రెండు కళ్ల కెమెరా. పైనుంచి వంగి, అరచేతి వెడల్పు అద్దంలోకి చూడాలి. అద్దంలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. కార్లు కదిలాయి. ముందున్న పచ్చకారు రామ్‌దాస్ గారిది. దాని ఇత్తడి దీపాలమీద ఎండ పడి మెరిసింది. వెనక చెరుకు వెన్నులు తెల్లగా ఊగుతున్నాయి. ఇలాంటి బొమ్మ జన్మకొకటి వస్తుందని ఆత్మారాం అనుకున్నాడు.

అద్దం అంచున మాత్రం ఏదో అడ్డం వచ్చింది. చివరి బండి. చెరుకు ఆకులు బొమ్మలోకి జొరబడి పచ్చకారు మూతిని సగం మూస్తున్నాయి.

తల ఎత్తకుండానే ఎడమ చెయ్యి లేపి, ఈగను తోలినట్టు ఊపాడు. జరుపు, జరుపు. ఆకులు కదల్లేదు. కారు దగ్గరకొస్తోంది. మళ్లీ ఊపాడు, ఈసారి విసురుగా.

పచ్చకారు రబ్బరు బూర బొయ్యిమంది. సిద్దిరాములు లాఠీ లేపాడు. ఆత్మారాం వేలు నొక్కింది. రీలు తిప్పి మళ్లీ నొక్కాడు.

తల ఎత్తేసరికి బండి లేదు. లాఠీ దెబ్బకు బెదిరిన తెల్లెద్దు ఒక్క దూకు ముందుకు దూకి, తిరగబడి, కాలువ గట్టు మీద నుంచి జారింది. చెరుకంతా కాలువలో పడింది. ఇరుసు పైకి లేచింది. నొగ కొస తగిలి పచ్చకారు దీపం ఒకటి పగిలింది. జత ఎద్దు పలుపు తెంపుకుని గట్టు ఎక్కింది. తెల్లెద్దు కాడి కిందే పడి లేవబోయి మళ్లీ పడింది. దాని ముందుకాలు మోకాలి కింద వేరే వైపు తిరిగి ఉంది.

చెరుకు మోపుల మీద కూర్చున్న ఆడమనిషి ఎటు పడిందో, బురదలో నుంచి లేచి ముందు ఎద్దు దగ్గరికే పరుగెత్తి మెడపట్టెడ విప్పసాగింది. బండి తోలుతున్న మనిషి, సన్నగా, తలకు తువ్వాలు చుట్టుకున్నవాడు, రెండు చేతులూ గాలిలో పెట్టి నిలబడిపోయాడు.

రామ్‌దాస్ గారు కారు దిగి దీపం చుట్టూ తిరిగారు. "దీన్ని లండన్ నుంచి తెప్పించాను. మళ్లీ దొరకదు," అన్నారు. గొంతులో కోపం కంటే దుఃఖమే ఉంది. తర్వాత బండివాడి వైపు చూశారు. "తాగి ఉన్నాడా?"

"నేను కల్లు గూడ ముట్టలె దొరా," అన్నాడు బండివాడు. "బండి మట్టిలనే ఉండె."

అతని పేరు పోశన్న అని, ఆమె పేరు హన్మవ్వ అని అప్పుడు సిద్దిరాములు రాసుకుంటుంటే తెలిసింది. పోశన్నను జీపు ముందు సీట్లో కూర్చోబెట్టి ఠాణాలో దించారు. ఆత్మారాం అదే జీపు వెనక కూర్చున్నాడు. కార్లు కట్టదాకా పోయాయి. అక్కడ చెట్లకింద జంపఖానాలు పరిచి భోజనాలు పెట్టారు. ఆత్మారాంకు కూడా ఒక పళ్లెం ఇచ్చారు. నీళ్ల ముందు కార్లు, కార్ల ముందు ఆడవాళ్లు, అందరూ కలిసి - ఇంకా రెండు రీళ్లు తీశాడు. పచ్చకారును పగిలిన దీపం కనపడకుండా పక్కనుంచి తీశాడు.

*

సోమవారం పొద్దున చీకటి గదిలో రీళ్లు కడిగాడు. తడి నెగటివులను తీగకు తగిలించి, కింద బరువు క్లిప్పులు పెట్టి, ఆరాక బల్లమీది దీపం అద్దంపై పరిచి భూతద్దంతో చూశాడు.

మొదటి రీల్లో ఆరోది దూరపు వరస. ఏడోదాని దగ్గర చెయ్యి ఆగింది.

అంతా ఉంది అందులో. లాఠీ గాలిలో ఉంది. ఎద్దు మెడ వంచి, కళ్లు తెల్లగా తిప్పి ఉంది. బండి చక్రాలు రెండూ మట్టిలో ఉన్నాయి. డాంబరు అంచుకూ చక్రానికీ మధ్య మనిషి పడుకునేంత చోటుంది. పచ్చకారు ఇంకా పది గజాల అవతల ఉంది. ఎనిమిదోది సగం మసక. బండి ఒరిగిపోతూ ఉంది.

విమలమ్మ చాయ్ తెచ్చి, అతని భుజం మీద నుంచి వంగి చూసింది. నెగటివులు చదవడం ఆమెకు వచ్చు. నలుపును తెలుపుగా తిప్పుకుని చూస్తుంది.

"గీ ఎద్దేనా?"

"గిదే."

"అయ్యో, బండి పక్కకే ఉండెగద. మల్ల ఆయన్నెందుకు తీస్కపోయిండ్రు?"

ఆత్మారాం భూతద్దం మళ్లీ ఏడోదాని మీదికి జరిపాడు. చాయ్ చల్లారిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం హన్మవ్వ వచ్చింది. గడప బయటే చెప్పులు విడిచి, లోపలికి రాకుండా, గోడమీది పెళ్లిఫొటోలను చూస్తూ నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. మోచేయి దగ్గర గీరుకుపోయిన చోట పసుపు అద్దుకుంది.

"ఆదివారం కాల్వకాడ ఫొటోలు దీసింది నువ్వే గద సారు?"

"నేనే. నీ మొగుణ్ని ఇడిసిపెట్టిండ్రా?"

"నిన్న పొద్దుమూకి ఇడిసిండ్రు. బండి అక్కడ్నే వెట్టుకున్నరు. తాగి కారు మీదికి తోలిండని కేసు రాస్తున్నరట. శుక్రారం ఠాణకు రమ్మన్నరు." కొంగుతో మెడ తుడుచుకుంది. "ఎద్దు నిన్న పానం ఇడిసింది. చెరుకు నరికి చేన్ల వడ్డది. బండి లేకుంటె అక్కడ్నే ఎండుతది."

"నేనేం చెయ్యగలుగుత అవ్వా?"

"నీ ఫొటోల బండి వడ్డదా?"

పడిందని చెప్పాడు. తర్వాత, రీళ్లన్నీ రామ్‌దాస్ గారివని, ఆయన్నడగకుండా ఇవ్వడానికి లేదని కూడా చెప్పాడు. ఆమె వాదించలేదు, ఏడవలేదు. గడపమీద కూర్చుంది. ఒక జంట ఫొటో దిగడానికి వస్తే దారి ఇచ్చి మళ్లీ కూర్చుంది. వాళ్లు దిగి వెళ్లేదాకా ఆత్మారాంను చూస్తూనే ఉంది. అతను నల్లగుడ్డ సర్దడం, దీపాలు జరపడం, "గడ్డం జర పైకి, అమ్మా" అంటూ చెయ్యి ఆడించడం, అంతా చూసింది.

బస్సు వేళయ్యాక లేచింది. "మా ఊరు కాల్వకు అవుతలి ఒడ్డే. ఎవల్నడిగిన చెప్తరు," అని వెళ్లిపోయింది.

బుధవారం పక్క బట్టలకొట్టుకు ఫోన్ వచ్చింది. రామ్‌దాస్ గారు. డ్రైవర్‌ను పంపుతున్నానని, రీళ్లన్నీ ఇచ్చెయ్యమని, పచ్చకారు వంపు తిరిగే ఫొటోకు పత్రికలో సగం పేజీ మాట్లాడానని చెప్పారు. చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు, "ఆ బండి గొడవ ఏదైనా పడి ఉంటే అది కూడా ఇచ్చెయ్. అనవసరంగా ఊళ్లో తిరగడం ఎందుకు," అన్నారు.

ఆత్మారాం "అట్లనే సార్" అన్నాడు. స్టూడియోకు తిరిగొచ్చి కత్తెర తీసుకున్నాడు. నెగటివుల పట్టీని వేళ్లమధ్య పట్టుకుని చూశాడు. పచ్చకారు వంపు తిరిగేవి ఆ ఏడూ ఎనిమిదే. ఆరుకూ ఏడుకూ మధ్య కత్తిరించాడు. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య కత్తిరించాడు. మిగిలినవి కవరులో పెట్టి డ్రైవర్‌కు ఇచ్చాడు.

"రెండు తక్కువున్నయేంది?" అనలేదు డ్రైవర్. లెక్క చూడలేదు. కవరు సీటుమీద పడేసి పోయాడు.

కారు కనుమరుగయ్యేదాకా ఆత్మారాం గడపలోనే నిలబడ్డాడు. తన బతుకులో పెద్దవాళ్లకు చెప్పిన మొదటి అబద్ధం అదే. చీకటి గదిలోకి పోయి ఏడో నెగటివును పెద్ద కాగితం మీద వేశాడు. మందు నీళ్లలో ముందు లాఠీ తేలింది, తర్వాత ఎద్దు కళ్లు, తర్వాత చక్రాలు. విమలమ్మ వచ్చి చూసి, "మంచి పని జేసినవు," అంది. ఆ మాటకు అతని కళ్లు చెమర్చాయి. ఆమె చూడకుండా తొట్టివైపు తిరిగాడు.

*

గురువారం మొదటి బస్సుకు పోయి, కాలువ దగ్గర దిగి, అవతలి ఒడ్డుకు నడిచాడు. ఇల్లు దొరకడం కష్టం కాలేదు. వాకిట్లో ఒక్క ఎద్దు కట్టేసి ఉంది. పక్క గుంజ ఖాళీ. హన్మవ్వ చెరుకు ఆకులు ముక్కలు చేసి దానికి వేస్తోంది. పోశన్న ఎద్దు బదులడగడానికి పటేలు ఇంటికి పోయాడట.

ఆత్మారాం సంచిలోంచి ఫొటో తీసి, పేపరు విప్పి, చేతికిచ్చాడు. "సూడవ్వా. గిది లాఠీ. గిది బండి. చక్రాలు రెండు మట్టిలనే ఉన్నయి. కారేమో గంత దూరంల ఉంది. రేపు గిది బల్లమీద వెడితె ఇంకెవ్వడు మాట్లాడుతడు?" చెబుతుంటే తనకే ఉత్సాహంగా ఉంది. పెద్దసారు అడిగినా ఇవ్వకుండా దాచానని కూడా చెప్పాడు.

హన్మవ్వ చేతులు చీరకు తుడుచుకుని, ఫొటోను అంచులు పట్టుకుని చూసింది. ఎద్దు మొహం మీద వేలు పెట్టి, ఒక్కసారి నిమిరి, తీసేసింది. చాలాసేపు చూసింది.

"అందరు వడ్డరు," అంది. "నువ్వే వడలె."

ఆత్మారాం నవ్వాడు. "తీసేటోడు ఫొటోల ఎట్ల వడ్తడవ్వా?"

"గంతేనా." ఫొటో మీద నుంచి చూపు ఎత్తలేదు. "నువ్వు చెయ్యి ఊపినవు సారు. జరుపుమని. ఒకపారి ఊపినవు, మల్ల ఊపినవు. తల గూడ ఎత్తలె. నువ్వు రెండోపారి ఊపినంకనే జవాను మాదిక్కు ఉరికొచ్చిండు. నేను చెరుకు మీద కూసోని సూస్తనే ఉన్న."

ఎద్దు ఆకులు నములుతోంది.

"నేను ఎద్దును కొట్టుమన్ననా?" అన్నాడు ఆత్మారాం.

"అన్లె. జరుపుమన్నవు."

"మరి మంగళారం నా దుకాన్ల గంతసేపు కూసున్నవు. ఒక్క మాట అనకపోతివి."

"అంటె నువ్వు ఫొటో ఇస్తుంటివా?"

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఎండకు ఎండుతుందా, వానకు తడుస్తుందా అని అడిగినట్టు అడిగింది. ఆత్మారాంకు కూర్చోవాలనిపించింది. కూర్చోవడానికి అక్కడ ఏమీ లేదు.

"మా ఆయనకు జెప్పలె," అంది మళ్లీ, ఫొటోను పేపర్లో చుడుతూ. "గీ ఫొటో సూస్తె నిన్ను దేవుడంటడు. అననియ్యి. రేపు ఠాణల పక్కకు ఒక మనిషి నిలవడాలె. వస్తవా?"

"వస్త."

"అంత జెప్తవా?"

"చెప్త. అంత చెప్త," అన్నాడు ఆత్మారాం. అన్నప్పుడు నిజంగానే అన్నాడు.

పోశన్న వచ్చాడు. లాకప్పులో తిన్న దెబ్బలకు నడుము పట్టి వంగి నడుస్తున్నాడు. పటేలు ఎద్దును ఇవ్వలేదని అతని మొహమే చెబుతోంది. ఫొటో చూసేసరికి ఆ మొహం మారిపోయింది. రెండు చేతులూ జోడించాడు. ఆత్మారాం ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు.

*

శుక్రవారం బస్సులో దారి పొడుగునా ఆ మాటనే లోపల పేర్చుకుంటూ వచ్చాడు. రోడ్డు ఖాళీ చెయ్యమని సైగ చేసింది నేనే సార్, ఎద్దును కొడతాడని అనుకోలేదు. రెండు ముక్కలు. పెద్ద కష్టం కాదు. పదిసార్లు అనుకున్నాడు, పదిసార్లూ తడబడలేదు.

ఠాణాలో ఎస్సై బల్ల ముందు పోశన్న, హన్మవ్వ నిలబడ్డారు. గోడవారగా సిద్దిరాములు టోపీ చంకలో పెట్టుకుని ఉన్నాడు. బల్లమీద రామ్‌దాస్ గారి ఫిర్యాదు, టైపు చేసిన కాగితం.

ఎస్సై ఫొటోను కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. చాలాసేపు చూసి, "నువ్వే తీసినవా?" అన్నాడు.

"నేనే సార్."

"మంచిగ తీసినవు." సిద్దిరాములు వైపు తిరిగాడు. "బండి మట్టిల ఉంటె లాఠీ ఎందుకు లేపినవయ్యా?"

"రోడ్డు సాఫ్ చెయ్యమన్నరు సార్."

"ఎవరన్నరు?"

సిద్దిరాములు సంకోచించాడు. అతని కళ్లు ఆత్మారాం మీద పడి, పక్కకు పోయి, మళ్లీ వచ్చాయి. "ఫొటో సారు చెయ్యి ఊపిండు సార్. తొందరగ, తొందరగ అని. నేను బెదిరిద్దామనుకున్న, తగిలింది."

ఎస్సై ఫొటోను బల్లమీద బోర్లా పెట్టాడు. "సూడు ఆత్మారాం. నువ్వే సైగ చేసినవంటే నువ్వు గూడ కేసుల ఉంటవు. కేసుల ఉన్నోడు తెచ్చిన ఫొటో నేను నమ్మ. గప్పుడు కథ మల్ల మొదటికొస్తది, పెద్దాయన కాయిదమే మిగుల్తది. ఆలోచించి చెప్పు. ఊపినవా?"

పేర్చుకున్న రెండు ముక్కలూ నోట్లోనే ఉన్నాయి. అవునంటే ఫొటో చెల్లదు. ఫొటో చెల్లకపోతే పోశన్న బతుకు పోతుంది. పోశన్న కోసమే, అనుకున్నాడు. ఎంత త్వరగా అనుకున్నాడో తర్వాత తల్చుకుంటే తనకే ఆశ్చర్యమేసింది.

"ఆ కెమెరా వంగి సూసేది సార్," అన్నాడు. "అద్దంలకే సూస్తున్న. పైన ఏమైతున్నదో నాకు కనవడది."

"నేను అడిగింది గది కాదు."

"ఊపలె సార్."

సిద్దిరాములు చంకలోని టోపీని అదుముకున్నాడు. ఎస్సై హన్మవ్వను చూశాడు. "నువ్వు బండి మీద ఉన్నవు గద. ఈయన చెయ్యి ఊపుడు సూసినవా?"

హన్మవ్వ ఆత్మారాం వైపు చూసింది. తర్వాత బోర్లా పడి ఉన్న ఫొటో వైపు చూసింది. అతనికి ఆ నిమిషం ఎంతకూ గడవలేదు. ఆమె చూశానని అంటే బాగుండునని ఒక పక్క, అనకూడదని ఒక పక్క.

"నేను ఎద్దును సూసుకుంట ఉంటి," అంది. "నేనేం సూడలె."

ఎస్సై రాశాడు. బండి రోడ్డు దిగి ఆగి ఉంది. కానిస్టేబుల్ అత్యుత్సాహం వల్ల ఎద్దు బెదిరింది. బండివాడి తప్పు లేదు. కారు నడిపినవారి తప్పూ లేదు. పోశన్న వేలిముద్ర వేశాడు. హన్మవ్వ వేసింది. ఆత్మారాం సంతకం చేశాడు. చచ్చిన ఎద్దు గురించి కాగితంలో ఒక్క ముక్క లేదు. అది ఎవరూ అడగలేదు కూడా.

"బెల్టు ఇక్కడ వెట్టి ఇంటికి పో," అన్నాడు ఎస్సై సిద్దిరాములుతో. "పైనుంచి ఆర్డర్ వచ్చేదాక రాకు."

సిద్దిరాములు బెల్టు విప్పి, చుట్ట చుట్టి బల్ల చివర పెట్టాడు. పోతూ పోతూ ఆత్మారాం ముందు ఒక క్షణం ఆగాడు. కొట్టినా బాగుండేది.

ఠాణా వెనక బండి చింతచెట్టు కింద ఒరిగి ఉంది. పోశన్న తోలుకొచ్చిన ఒంటెద్దును కాడికి ఒక వైపు కట్టాడు. రెండో వైపు కాడి నేలకు వంగిపోయింది. హన్మవ్వ కొంగు నడుముకు బిగించి, తువ్వాలు మడిచి భుజం మీద వేసుకుని, వంగి కాడి కిందికి దూరింది. లేవలేకపోయింది. అప్పటికి గేటు దాకా పోయిన సిద్దిరాములు వెనక్కి వచ్చి, కాడి లేపి ఆమె భుజం మీద సరిగా పెట్టాడు. వెనక్కి పోయి చక్రానికి చేతులు వేశాడు.

ఆత్మారాం కూడా సంచి కింద పెట్టి రెండో చక్రం దగ్గరికి పోయాడు. పోశన్న అడ్డం వచ్చాడు.

"మీరెందుకు సారు? మీరు జెయ్యాల్సింది జేసిండ్రు. మీ అసొంటోళ్లు ఒక్కలుంటరు లోకంల, గందుకే మా అసొంటోళ్లం బతుకుతున్నం." నడుము నొప్పిని పళ్లమధ్య బిగబట్టి, వంగి, ఆత్మారాం కాళ్లకు దండం పెట్టాడు. ఆత్మారాం వెనక్కి జరగలేదు.

హన్మవ్వ కాడి కింద భుజంతో అట్లాగే నిలబడి ఉంది. తల తిప్పి చూడలేదు. మొగుడు దండం పెట్టడం అయ్యేదాకా ఆగి, "అయిపాయెనా?" అంది. "అయితె తోలు. చెరుకు ఎండుతది."